నారింజ మీద నలుపు

ఆ శుక్రవారం సంత జరగనివ్వలేదు. సంత ఆగిపోవడమంటే ఏమిటో కింద మైదానంలో బతికేవాళ్ళకి తెలీదు. పసుపు, పిప్పళ్ళు, రాజ్‌మా గంపలకెత్తుకుని చీకటితోనే కొండ దిగొచ్చిన ఆడవాళ్ళు మూసేసిన షట్టర్ల ముందు బరువులు దించి కూర్చున్నారు. కొనేవాడు లేడు. ఉప్పు అమ్మేవాడు లేడు. పొద్దెక్కేదాకా చూసి, తెచ్చిన బరువు తెచ్చినట్టే నెత్తికెత్తుకుని అదే కొండ ఎక్కారు. ఎందుకు మూశారో వాళ్ళకి చెప్పాలని కూడా ఎవరికీ తోచలేదు. సావుకారి కొడుకు సచ్చిపోనాడట అని వాళ్ళలో వాళ్ళే అనుకున్నారు.

ఆ సావుకారు కృష్ణమూర్తి. పార్వతీపురం దగ్గర పల్లె నుంచి పెళ్ళయిన కొత్తలో కొండెక్కి వచ్చాడు. కిరాణాతో మొదలెట్టి, బిందెలు, గొడుగులు, దుప్పట్లు, ఆఖరికి హెల్మెట్లు కూడా అమ్మేదాకా కొట్టు పెంచాడు. కొడుకు ఉదయ్ ఒక్కడే. వాడు పోయి ఇంకా చిన్నదినం కాలేదు.

సగం దించిన షట్టరు వెనక, ఉదయ్ తల్లి నాగమణి కొక్కెం కర్రతో హెల్మెట్లు దించుతోంది. ఎవరూ దించమనలేదు. మైలలో ఉన్న మనిషి సరుకు ముట్టకూడదని వదిన వరసావిడ వచ్చి చెప్పి వెళ్ళింది. నాగమణి వినలేదు. చేతులు ఊరికే ఉంటే అవి ఆసుపత్రిలో పట్టుకున్న చల్లటి పాదాల దగ్గరికే పోతున్నాయి. ముందు వరసంతా నల్ల హెల్మెట్లే. అవే బేగి అమ్ముడుపోతాయని ఉదయే అలా వేలాడదీశాడు. వెనక గోడకి ఆనుకుని పసుపువీ నారింజవీ ఉన్నాయి, దుమ్ము కొట్టుకుని. పసుపుది పెట్టుకుంటే రోడ్డు పని కూలీలా ఉంటావని కుర్రాళ్ళ నవ్వు. సావుకార్ల పిల్లలు ఏది పెట్టుకుంటే కొండల మీద పిల్లలూ అదే అడుగుతారు. ఆవిడ ఒక్కొక్కటే దించి, ముఖం అద్దం కొంగుతో తుడిచి, నేల మీద బోర్లించి పెడుతోంది. బోర్లించిన హెల్మెట్టు నేల మీద పడ్డ తలలా ఉందని ఆవిడకి తట్టినట్టుంది. ఆ తరవాత వాటిని పక్కకి తిప్పి పెట్టడం మొదలెట్టింది.

ముందు గదిలో మగవాళ్ళు కూర్చున్నారు. వర్తక సంఘం ప్రెసిడెంటు లక్ష్మీప్రసాద్ గొంతు అందరికంటే పైన ఉంది. సంత మూయించింది ఆయనే. సుక్రు మీద మామూలు యాక్సిడెంటు కేసు పెట్టి వదిలేస్తే రేపు మన పిల్లలెవ్వరూ ఈ రోడ్డు మీద తిరగలేరనీ, ఇది హత్య అనీ, హత్య కిందే రాయించాలనీ ఆయన పట్టు.

సుక్రు సర్వీసు జీపు తోలతాడు. ప్రమాదం జరిగిన రోజు పొద్దుటే, దట్టమైన మంచులో, ఘాట్ రోడ్డు మీద సిగ్నలు మలుపు దగ్గర అతని జీపు వెనక నుంచి ఉదయ్‌ని గుద్దింది. ఫోను అందేది ఆ ఒక్క మలుపులోనే గనక దానికా పేరు. ఉదయ్ సరుకు కోసం కింద ఎస్.కోటకి దిగుతూ, హోల్‌సేలువాడితో మాట్లాడ్డానికి అక్కడ ఆగాడు. బండి ఆపేసి, దాని మీదే కూర్చుని ఉన్నాడు. గుద్దింది సుక్రే. ఎత్తి జీపులో వేసుకుని, ఎక్కినవాళ్ళందర్నీ దించేసి, ఆసుపత్రికి తెచ్చిందీ సుక్రే. తెచ్చినవాణ్ణి ఆసుపత్రి వాకిట్లోనే కొట్టారు. ఉదయ్ రక్తమేదో సుక్రు రక్తమేదో తెలియని చొక్కాతోనే పోలీసులు పట్టుకుపోయారు.

ఇంతవరకూ అయితే యాక్సిడెంటే. కానీ సుక్రు తండ్రి గాసి, ముసలివాడు, మొన్న మొన్ననే చచ్చిపోయాడు. కాఫీ గోదాము దగ్గర తిన్నటి రోడ్డు మీద ఉదయ్ బండి తగిలే చచ్చిపోయాడు. దానికి కేసు లేదు. పెద్దమనుషులు కూర్చున్నారు, దినానికి మేక, ముసలిదానికి చీర, ఇంటికి బియ్యం అని తేల్చేశారు. ఆదివాసీ చస్తే మేకతో తెగుతుంది. సావుకారి కొడుకు చస్తే సంత మూయాలి.

లక్ష్మీప్రసాద్ లేచి కొట్టు గుమ్మంలోకి వచ్చాడు. మెత్తగా మాట్లాడాడు. రేపు పెద్దాఫీసరు వస్తున్నాడనీ, ఎంతమంది ఎన్ని చెప్పినా తల్లి చెప్పే మాట వేరనీ అన్నాడు.

"ముసిలోడు పోయిన నాలుగో నాడు సుక్రుగాడు ఈ కొట్టు ముందే నిలబడ్డాడు. ఏటన్నాడో నువ్వు విన్నావు కదా, చెల్లెమ్మా?"

"విన్నాను, అన్నయ్యా."

"ఏటన్నాడు?"

నాగమణి చేతిలో హెల్మెట్టు కింద పెట్టలేదు. "ఆ నారింజ బండి నా కంట పడనీకండి సావుకారు, దాన్ని సూత్తే నా సేతులు నా మాట ఇనవు, అన్నాడు."

"అంతే. ఆ ముక్కే చెప్పు. ఇంకేటీ వొద్దు."

"నారింజ బండి అన్నాడు," అందావిడ.

వెనక నుంచి కృష్ణమూర్తి అందుకున్నాడు. కొడుకు పోయిన దగ్గర్నుంచీ ఆయన గొంతు గీసుకుపోయి ఉంది. "బండి అన్నాడు. బండంటే బండే. దానికి రంగులెందుకే."

ఆవిడ ఆయన కళ్ళలోకి చూసింది. ఆయన చూపు తప్పించి గదిలోకి వెళ్ళిపోయాడు. ఆ బండి రంగు సంగతి తెలిసినవాళ్ళు ఊళ్ళో వాళ్ళిద్దరే.

సాయంత్రం పెరట్లోకి వెళ్ళినప్పుడు రంగు వాసన ఇంకా ఉంది. అరటి చెట్ల పక్కన, రేకుల చూరు కింద బండి ఆరబెట్టిన చోట, నేల మీద చుక్కలు చుక్కలుగా నలుపు. నాగమణి అక్కడే గొంతుక్కూచుంది.

సుక్రు ఆ మాట అని వెళ్ళిన రాత్రి నుంచీ ఆవిడకి నిద్ర లేదు. కన్నవారి ఊళ్ళో మనిషిని తొక్కిన నాటు బండికి చక్రాల రంగు మార్చేసేవారు. లేకపోతే పోయినవాడు తన్ను తొక్కిన బండిని ఆనవాలు పట్టి, దాని వెనకాలే వచ్చి, తోలేవాణ్ణి కూడా తీసుకుపోతాడని నమ్మకం. ముసలి గాసి అలా వస్తాడని ఒక భయం. కొడుకు సుక్రు చూస్తాడని ఇంకో భయం. చచ్చినవాడి కంటా బతికున్నవాడి కంటా ఆ నారింజ రంగు పడకూడదు. రంగు మార్పించమని ఉదయ్‌ని పట్టుకుంది. వాడు నవ్వాడు.

"ఏటమ్మా, దెయ్యం వొచ్చి ఆర్సీ బుక్కు అడుగుతాదా?"

ఆవిడ అన్నం మానేసింది. రెండో పూటకి వాడు దిగొచ్చాడు. ఆ రంగు కోసమే ఆ బండి కొన్నాడు వాడు. అది వదులుకోమంటే గోరింటాకు చెరిపేసుకోమన్నట్టు చూశాడు గానీ, సరే అన్నాడు. ఈ ఊళ్ళో చేయిస్తే అందరికీ తెలుస్తుందని బండిని సరుకు వేనులో ఎక్కించి ఎస్.కోట దించారు. నాగమణి కూడా వెళ్ళింది. మగవాళ్ళని నమ్మలేక వెళ్ళింది.

అక్కడ ధనరాజు అని పెయింటరు. తడి ఎమెరీ కాగితంతో టాంకు రుద్దుతుంటే నారింజ నీళ్ళు అతని మోచేతుల దాకా కారాయి. నీలం వెయ్యనా, తెలుపు వెయ్యనా అని అడిగాడు. నారింజ మీద తేలిక రంగులు నిలవవనీ, అడుగు రంగు పైకి కొడుతుందనీ, మళ్ళీ మళ్ళీ పూయాలనీ అతనే చెప్పాడు. నలుపైతే ఒక్క పూతకి కప్పేస్తుందన్నాడు. నాగమణి నలుపే వెయ్యమంది. అతను మెరుపు లేని నలుపు కలిపి, గన్‌తో చిమ్మాడు. అయిపోయాక ఆవిడ స్టూలు మీద నుంచి లేచి బండి చుట్టూ తిరిగింది. ఫోర్కు లోపల సన్నగా నారింజ కనబడింది. అదిగో అక్కడ, అని చూపించింది. చక్రం అంచున ఒక గీత. అదీ చూపించింది. వెనక మడ్‌గార్డు కిందున్న ఎర్ర రిఫ్లెక్టరు మీద మసి పట్టినట్టు నలుపు చిమ్మి ఉంది. అది తుడిచెయ్యనా అని ధనరాజు అడిగాడు.

"ఉండనీ. ఎక్కడా ఏటీ మెరవకూడదు," అంది.

తిరిగొచ్చేటప్పుడు బండి మీద టార్పాలిన్ కప్పి వేనులోనే తెచ్చారు. పెరట్లో ఆరబెట్టారు. రంగు గట్టిపడేదాకా బయటికి తియ్యలేదు. కొట్లోంచి ఒక నల్ల హెల్మెట్టు తెచ్చి, పాత నారింజది తీయించి, దీన్ని నాగమణి తన చేత్తోనే పెట్టింది వాడి తలకి. బండికి జతగా ఉంటుందని. ఆ బండి రంగు మారాక రోడ్డెక్కింది ఆ పొద్దుటే. మొదటిసారీ, ఆఖరిసారీ.

ఆవిడ నేల మీద నల్ల చుక్కని గోటితో గీకింది. మట్టితో సహా పెళ్ళలా ఊడొచ్చింది.

మర్నాడు పొద్దుటే మొగుడూ పెళ్ళాం ఆటోలో మలుపుకి వెళ్ళారు. ప్రాణం పోయిన చోట దీపం పెట్టి పాలు పొయ్యాలి. పెట్టి, వెనక్కి చూడకుండా తిన్నగా ఇంటికి రావాలి. మైలలో ఉన్నవాళ్ళు ఆ పనికి తప్ప గడప దాటకూడదు.

మంచు రోడ్డు మీదికి పాకి ఉంది. కొండ వైపు నల్లటి బండరాయి, దాని మీద నుంచి సన్నగా నీళ్ళు. తారు తడిసి ఆ రాతి రంగులోనే కలిసిపోయింది. రాయి ఎక్కడ ఆగిందో రోడ్డు ఎక్కడ మొదలైందో తెలీదు. పగిలిన గాజు ముక్కలు ఎవరో పక్కకి ఊడ్చేశారు. కృష్ణమూర్తి రాతికి దగ్గరగా ప్రమిద పెట్టి, అగ్గిపుల్ల మీద అగ్గిపుల్ల గీస్తున్నాడు. తేమకి అంటుకోవడం లేదు. నాగమణి పాల గిన్నె పట్టుకుని నిలబడింది.

ముందు చెప్పుల చప్పుడు వినిపించింది. చాలాసేపు చప్పుడే. ఆవిడ చప్పుడు వచ్చే వైపే చూస్తున్నా, నల్ల గొడుగు వేసుకున్న మనిషి చేతికందేంత దూరం వచ్చాక గానీ కనబడలేదు. అతను దాటిపోయాడు. తరవాత తెల్ల కారొకటి, టూరిస్టులది, లైట్లు వేసుకోకుండా, మంచులోంచి మంచు ముక్కే ఊడిపడ్డట్టు వచ్చింది. తెలుపైనా అంతే, మంచులో మంచు. ఆటోవాడు కేకేస్తే ఆవిడ రాతికి అతుక్కుపోయింది. కారులోంచి ఎవరో తిట్టి పోయారు. కిందికి చూసింది. లోయ మలుపులో, ఇంకా మనిషి ఆకారమే రాని దూరంలో, పసుపు చుక్క ఒకటి కదులుతోంది. అది అలా కదులుతూ కదులుతూ, నెమ్మదిగా కాళ్ళూ చేతులూ తెచ్చుకుని, పసుపు స్వెట్టరు వేసుకుని కట్టెలు మోస్తున్న ఆడమనిషి అయింది. ఆ మనిషి వచ్చి, దాటి, పైకి వెళ్ళిపోయేదాకా నాగమణి చూస్తూనే ఉంది.

దీపం అంటుకుంది. కృష్ణమూర్తి పాలు పొయ్యమన్నాడు. పోసింది. ఇక పద, బేగి, అన్నాడు.

"మీరొకసారి అక్కడ నిలబడండి," అందావిడ. రాతి పక్కన, బండి ఆగిన చోటు చూపించింది. ఆయన నల్ల స్వెట్టరు వేసుకున్నాడు. తల చుట్టూ బూడిదరంగు మఫ్లరు.

ఎందుకని అడిగాడు. ఆవిడ జీపు వచ్చిన వైపు, రోడ్డు అంచు పట్టుకుని పైకి నడిచింది. వెనక్కి చూడకూడదన్న మాట గుర్తుంది. కొంత దూరం పోయి, వెనక్కి తిరిగింది.

ఆయన లేడు.

రాయి ఉంది. తడి రోడ్డు ఉంది. మనిషి లేడు. ఆవిడ ముందుకి నడిచింది. ఇంకా లేడు. ఏవండీ అని పిలిచింది. ఇక్కడే ఉన్నాను కదే అని రాయి మాట్లాడినట్టు మాట్లాడాడు. ఇంకా నడిస్తే, ఎదురుగా, ఒక్కసారిగా, ఉన్నాడు. నడిచే మనిషికే అలా ఉంటే, ఘాట్ దిగే జీపుకి ఎలా ఉంటుంది.

"మీరు నాకు కనబడలేదు," అంది.

కృష్ణమూర్తికి అర్థమైంది. అర్థమైందని ఆయన దవడ చెప్పింది. వచ్చి ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. "మణీ, నోరు ముయ్యి. పోయినోడు ఎలాగూ రాడు. రంగు ఎందుకు మార్పించారని అడిగితే ఏటి చెప్తావు? మనమే చంపుకున్నామని ఊరంతా అనాలా?"

"ఊరి సంగతి ఎందుకండి," అందావిడ. "నాను అనుకుంతన్నాను కదా."

ఆటో ఊళ్ళోకి వచ్చింది. సందు తిరిగితే ఇల్లు. తిరగకుండా తిన్నగా పొమ్మని నాగమణి ఆటోవాడి భుజం మీద తట్టింది. కృష్ణమూర్తి వద్దన్నాడు. ఆటోవాడు ఎవరి మాట వినాలో తెలీక నడిరోడ్డు మీద ఆపేశాడు. ఆవిడ దిగింది. మైల చీర మడమల మీదికి ఎగదోపుకుని పోలీసు స్టేషను వైపు నడిచింది. దారి పొడుగునా షట్టర్లు మూసే ఉన్నాయి. వాటి వెనకాల మనుషులు ఉన్నారని తెలుస్తూనే ఉంది.

స్టేషను వరండా మెట్టు పక్కన ముసలమ్మ ఒకతి దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. గాసి పెళ్ళాం, సుక్రు తల్లి, సొంబారి. కొడుకుని తెచ్చిన రోజు నుంచీ అక్కడే ఉంటోంది. వచ్చే పోయే ప్రతి ఖాకీకీ ఒకటే మాట చెబుతోంది, మావోడికి కనబడనేదు బాబూ అని. తోలేస్తారు. లేచి గేటు దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

నాగమణి ఆమెని దాటి లోపలికి వెళ్ళింది. ఎస్ఐ కుర్రవాడు. సావుకారమ్మని చూసి లేచి నిలబడ్డాడు. కుర్చీ వేయించాడు. అమ్మా మీరెందుకొచ్చారు, సాయంత్రం మేమే వచ్చేవాళ్ళం కదా అన్నాడు. ఈ కుర్చీ ముసలి సొంబారికి ఎవరూ వెయ్యలేదు. రాసిపెట్టుకోండి.

నాగమణి కూర్చోలేదు. బండి ఎక్కడుందని అడిగింది. స్టేషను వెనక, పట్టుబడిన బళ్ళ మధ్య, గోడకి ఆనించి ఉంది. ముందు చక్రం వంగిపోయి, హాండిల్ పక్కకి తిరిగి. అప్పటికి కృష్ణమూర్తి వచ్చేశాడు, వెనకాలే లక్ష్మీప్రసాద్. పుత్రశోకం సార్, మతి స్థిమితంగా లేదు, ఇంటికి తీసుకుపోతాను అని కృష్ణమూర్తి ఎస్ఐకి దండం పెట్టాడు.

ఆవిడ బొడ్లోంచి కొట్టు తాళం చెవి తీసింది. వంగి, టాంకు మీద పెట్టి, బలమంతా వేసి గీసింది. నలుపు పొట్టులా లేచింది. మళ్ళీ గీసింది. పళ్ళు జివ్వుమనే చప్పుడు. కింద నారింజ. అరచేతి వెడల్పు నారింజ బయటపడేదాకా గీసి, నిలబడింది.

"సుక్రు ఏ బండి కంట పడొద్దన్నాడో అది ఇది బాబూ," అంది. "రంగు నేనే మార్పించాను. ఎవులికీ తెలీకుండా ఎస్.కోట తీసుకుపోయి మార్పించాను. కప్పి తెచ్చాం. ఈ రంగుతో ఇది రోడ్డెక్కింది ఆ పొద్దుటే. కావాలని గుద్దడానికి ఆడికి ఇది మావోడి బండని ఎలా తెలుస్తాది?"

ఎస్ఐ ఆ నారింజ మరక వైపే చూస్తున్నాడు. ఆవిడ ఆగలేదు. హెల్మెట్టు నల్లది, నేనే పెట్టాను అంది. వెనక రిఫ్లెక్టరు తుడవొద్దని నేనే చెప్పాను అంది. ఇప్పుడే ఆ మలుపులో మా ఆయన్ని నిలబెట్టి చూశాను, నా మొగుడే నాకు కనబడలేదు అంది. అన్నీ ఒకటే గొంతుతో, కొట్లో సరుకు పేర్లు అప్పజెప్పినట్టు.

లక్ష్మీప్రసాద్ ఏదో అనబోయాడు. ఎస్ఐ చెయ్యెత్తాడు. లోపలికి వెళ్ళి రైటర్ని పిలిచాడు. ఆవిడ చెప్పిందంతా రాయించి, పై అధికారితో ఫోన్లో మాట్లాడాడు. హత్య సెక్షను నిలవదు సార్ అన్నాడు. ఇన్నాళ్ళూ అదే గదిలో, అదే బల్ల ముందు, సుక్రు చెప్పింది ఏమిటి? కనబడలేదు బాబూ అనే కదా. అది అబద్ధమైంది. దెబ్బలు తెచ్చిపెట్టింది. అదే మాట సావుకారమ్మ నోట్లోంచి వస్తే పూట తిరక్కుండా నిజమైపోయింది. కాగితం మారలేదు, కలం మారలేదు, చెప్పిన నోరు మారింది.

బయటికి వస్తూ ఆవిడ లాకప్పు ముందు ఆగింది. సుక్రు గోడకి ఆనుకుని ఉన్నాడు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. అంతా విన్నాడు. లేచి ఊచల దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది.

"ఆ రంగు అలగే ఉంచవలసింది కదమ్మా," అన్నాడు. "అయ్య పోయిన కాడ నుంచీ ప్రతి మలుపులోనూ దాని కోసమే సూసీవోడిని. దూరంగా కనబడితే జీపు పక్కన ఆపీసి, అది ఎల్లిపోయేదాకా తల దించుకుందామని. నారింజ కనబడుంటే ఆగిపోదును."

నాగమణి ఊచ పట్టుకుంది. వదిలేసి, వరండాలోకి వచ్చింది. కృష్ణమూర్తి లేడు. ఆటో లేదు. లక్ష్మీప్రసాద్ గేటు దగ్గర నిలబడి, ఆవిడ వస్తుంటే, ఎదురొచ్చిన మైలని తప్పుకున్నట్టు తప్పుకుని వెళ్ళిపోయాడు. ఆవిడ మెట్టు దాకా వచ్చింది. అక్కడే కూర్చుంది, సొంబారికి జానెడు దూరంలో.

కానిస్టేబులొకడు వచ్చి ముసలమ్మకి విషయం చెప్పాడు. చంపిన కేసు తీసేస్తారు, బెయిలు వస్తుంది, ఇక ఏడవకు అని. సొంబారి ఏడవడం లేదు. తల ఊపింది. ఇద్దరూ రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు. ఎదురుగా కొట్టు షట్టరొకటి సగం లేచి, వీళ్ళని చూసి, మళ్ళీ దిగింది.

"నువ్వు సెప్పినావా?" అంది సొంబారి. ఆమె తెలుగు ముక్కలు ముక్కలుగా, ఒడియా కలిసి ఉంటుంది. "బండికి రంగు మారిసినావని?"

"ఔను."

"ఎందుకు మారిసినావు?"

నాగమణికి చెప్పక తప్పలేదు. మీ ఆయన ఆ రంగు ఆనవాలు పట్టి మా గుంటడి వెనక వస్తాడని భయమేసి మార్పించాను అంది. ఆయనకి కనబడకూడదని నల్లగా చేశాను అంది. చెబుతూంటే ఆవిడకే ఆ మాట వినబుద్ధి కాలేదు.

సొంబారి ఆమె వైపు తిరిగింది. కోపం లేదు ముఖంలో. అర్థంకాని మాట విన్నప్పటి ఆశ్చర్యం ఉంది.

"ఆయనకా? ఆయనకి సూపెక్కడిదమ్మా. రొండు కళ్ళకీ పొర కమ్మీసి సేన్నాళ్ళయింది. కళ్ళ కేంపు వొస్తాది వొస్తాదన్నారు, మా ఊరికి రానేదు. ఎరుపూ నలుపూ ఆయనకేటి తెలుసు. నా బుజం మీద సెయ్యేసుకుని నడిసీవోడు."

నాగమణి దుప్పటి కప్పిన ఆ భుజం వైపు చూసింది.

"ఆ దినం సంతలో నాను ఉప్పు కాడ ఆగిపోనాను," అంది ముసలమ్మ. "తిన్నటి రోడ్డు కదా, మెల్లగా నడువు, ఒచ్చేస్తానన్నాను. నడిసినాడు. నడిమింట ఎండ. ఆయనకి మనుసులు కనబడరు కదాని, మనుసులకైనా ఆయన కనబడాలని, ఎప్పుడు బయిలెల్లినా తలకి ఎర్ర తువ్వాలు సుట్టీదాన్ని. నిప్పులాగుండీది. కొండ మీద నుంచి సూసినా కనబడీది. నానే సుట్టినాను ఆ పొద్దు కూడా."

దుప్పటి అంచు సర్దుకుంది. ఆమె అడుగుతున్నది తగువు కాదు. ఇన్నాళ్ళూ అడగడానికి ఎవరూ దొరక్క, దొరికిన మనిషిని అడుగుతోంది.

"మీ గుంటడికి సూపు బాగుండీది కదమ్మా?"